మట్టికి కప్పే దుప్పటి: పైన్ బెరడు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

శివరాత్రితో చలి ‘శివశివా’ అంటూ వెళ్ళిపోతుందంటారు. అక్కడినుంచి మనకు మొదలయ్యేది నీళ్ళ బెంగ. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వూళ్ళలోనూ, ట్యాంకరు కోసం ఎదురుచూసే అపార్టుమెంట్లలోనూ, వంటకూ స్నానాలకూ పోగా మిగిలిన నీళ్ళే మొక్కలకు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు బకెట్లో పోగుచేసి సాయంత్రం గులాబీకి పోస్తాం. మర్నాడు పదిగంటలకు వెళ్ళి చూస్తే మట్టి బీటలిచ్చి, మొక్క తల వేలవేసి వుంటుంది. పోసిన నీళ్ళన్నీ ఏమైనట్టు? మొక్క తాగింది కొంత. మిగిలిన దాంట్లో చాలా భాగం ఎండా, గాలీ కలిసి మట్టిమీదనుంచే లాగేసుకున్నాయి.

అన్నం గిన్నెమీద మూత పెట్టడం మరిచిపోతే పైమెతుకులు ఎండి బిరుసెక్కుతాయి గదా! మట్టి సంగతీ అంతే. అడవిలో చెట్లకు ఎవరు నీళ్ళు పోస్తున్నారు? రాలిన ఆకులే నేలను కప్పి తేమను కాపాడుతున్నాయి. మనమేమో పాదులో ఆకు రాలితే చాలు, చీపురు తీసుకుని ఊడ్చేస్తాం. వాకిలిలాగే పాదు కూడా శుభ్రంగా కనబడాలని మన తాపత్రయం. ఆ బోడిమట్టిమీద ఎండ నేరుగా పడుతుంది.

ఇలా మొక్కల మొదట్లో మట్టిని కప్పడాన్ని తోటపనివాళ్ళు ‘మల్చింగ్’ అంటారు. ఈమధ్య నర్సరీలలో ఇందుకోసం పైన్ బెరడు అని గోధుమరంగు ముక్కలు సంచుల్లో అమ్ముతున్నారు. చూడటానికి ముచ్చటగా వుంటాయి. అవి కొనడం అవసరమా? కొంటే ఏ రకం కొనాలి? ఎంత వేయాలి, ఎలా వేయాలి? ఈ సంగతులు ఈ వేళ చెప్పుకుందాం.

ముందుగా ఈ పైన్ అంటే ఏమిటో చూద్దాం. ఇది మన మైదానాల చెట్టు కాదు. ఊటీకో, కొడైకెనాల్‌కో విహారానికి వెళ్ళినప్పుడు స్తంభాల్లా నిటారుగా నిలబడ్డ చెట్లమధ్య ఫోటోలు తీయించుకునే వుంటారు. అక్కడ కాళ్ళకింద సూదుల్లాంటి ఎండుటాకులు మెత్తగా జారుతుంటాయి, గుర్తుందా? అవే పైన్ చెట్లు. హిమాలయాల దిగువ కొండల్లో చీర్ పైన్ అనే రకం విస్తారంగా పెరుగుతుంది. కొంతమంది దీన్ని దేవదారు అంటారు గాని, దేవదారు వేరే చెట్టు. అమెరికాలో దక్షిణ రాష్ట్రాలు కూడా పైన్ తోటలకు పేరు. కూతురి పురిటికో, మనవల్ని చూడటానికో అట్లాంటా వైపు వెళ్ళివచ్చిన తల్లులు, అక్కడ ఇళ్ళముందు పొదలకింద వరిగడ్డి పరిచినట్టు ఎర్రటి ఆకులు పరిచివుండటం చూసే వుంటారు. వాళ్ళు దాన్ని ‘పైన్ స్ట్రా’, అంటే పైన్ గడ్డి అంటారు. ఇక కలపమిల్లుల్లో దుంగలమీద ఒలిచిన బెరడును ముక్కలుచేసి జల్లించి అమ్మేదే మనం నర్సరీలో చూసే పైన్ బెరడు.

ఈ కప్పువల్ల నాలుగు లాభాలున్నాయి. మొదటిది చెప్పుకున్నాం, తేమ నిలుస్తుంది. రెండవది, వేళ్ళకు వేడి తగలదు. సిమెంటు డాబామీద పెట్టిన కుండీలో మట్టి మేనెలలో ఎంత కాగుతుందో చెయ్యి పెట్టి చూసినవాళ్ళకు తెలుసు. మూడవది, కలుపు తగ్గుతుంది. వెలుతురు తగలక చాలా విత్తనాలు మొలవవు. నాలుగవది, వానచినుకు మట్టిని నేరుగా కొట్టదు. చినుకు దెబ్బకు మట్టి ఎగిరి ఆకులకు అంటుకోవడం మీరు చూసే వుంటారు. ఆ మట్టితోనే కొన్ని బూజుతెగుళ్ళు కింది ఆకులకు ఎక్కుతాయి. గులాబీకి వచ్చే నల్లమచ్చ తెగులు అలాంటిదే. రాలిన రోగపుటాకులమీది బూజు, చినుకులతో పైకి చిందుతుంది.

అయితే పైన్ బెరడు ఎరువు మాత్రం కాదు. అది చాలా నెమ్మదిగా కుళ్ళుతుంది. బెరడు వేశాం గదా అని పశువుల ఎరువు మానేస్తే మొక్కకు తిండి వుండదు.

ఇక ఏ రకం కొనాలి? సంచుల్లో ముఖ్యంగా నాలుగు రకాలు దొరుకుతాయి.

అగ్గిపెట్టె అంత, అంతకంటే పెద్ద ముక్కలు ఒక రకం. ఇవి రెండు మూడేళ్ళు చెక్కుచెదరవు. కాని తేలిక కాబట్టి, పెద్దవాన పడి నీళ్ళు నిలిస్తే తేలిపోయి కాలవ దగ్గరకు చేరతాయి. ముక్కలమధ్య సందులు కూడా ఎక్కువే. ఇవి జామ, సపోటా, మందారం వంటి పెద్ద పాదులకు, చుట్టూ ఇటుక గట్టు వున్న చోట బాగుంటాయి.

చింతగింజ మొదలుకొని రేగుపండు దాకా వుండే చిన్నముక్కలు రెండవ రకం. గులాబీ, మల్లె, కనకాంబరం పాదులకూ, కుండీలకూ ఇదే అనుకూలం. ఒకే రకం కొనాలంటే దీన్నే కొనుక్కోండి.

టీపొడిలాగా సన్నగా వుండే పొట్టు మూడవది. ఇది కుండీమట్టిలో కలిపేవాళ్ళకోసం. పైన పరచడానికి పనికిరాదు. గట్టిగా అణిగిపోయి అట్టకడుతుంది. ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీళ్ళను పీల్చుకోదు. మీరు పోసిన నీళ్ళు పైపైన జారి పక్కకు పోతాయి.

నాలుగవది ఎండిన సూదుల్లాంటి ఆకులు. ఇవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని చాపలా పడివుంటాయి. వాలుగా వున్న నేలమీద కూడా కొట్టుకుపోవు. కాని నిప్పుకు త్వరగా అంటుకుంటాయి. ఆ సంగతి తరువాత చెబుతాను.

కొనేముందు సంచి విప్పించి చెయ్యి పెట్టి చూడండి. అసలైన బెరడు తేలికగా, పొరలు పొరలుగా వుంటుంది. గోటితో గీరితే పొర లేచి, లోపల కూడా గోధుమరంగే కనబడుతుంది. లోపల తెల్లగా, పేళ్ళుగా చీలితే అది బెరడు కాదు, చెక్కముక్క. అంచుల్లో పీచు వేళ్ళాడుతుంటే అది కొబ్బరిడొక్క ముక్క. కొబ్బరిముక్క చెడ్డదేమీ కాదు, కాని పైన్ ధర పెట్టి కొబ్బరి కొనడం దేనికి? పైగా దానిలో ఉప్పు వుండవచ్చు కాబట్టి, రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి వంపేసి వాడాలి.

వాసన కూడా చూడండి. మంచి బెరడుకు కలప డిపోలో వచ్చే వాసన వస్తుంది. పులిసిన వాసన, వెనిగర్ వాసన వస్తే గాలి తగలకుండా చాలాకాలం తడిగా కట్టిపడేశారన్నమాట. అలాంటిది వెంటనే వేస్తే లేతమొక్కల ఆకులు మాడతాయి. నీడలో పలచగా ఆరబోసి, రోజూ తిరగేస్తూ, వాసన పోయాక వాడుకోవాలి. మరీ ఎర్రగానో, మరీ నల్లగానో నిగనిగలాడుతుంటే రంగు వేశారేమోనని అనుమానించండి. ఒక ముక్కను తడిపి తెల్లగుడ్డకు రుద్దితే తెలిసిపోతుంది. కరివేపాకు, టమాటా వంటి తినే మొక్కలకు రంగు వేయనిదే వాడండి. ఇంకొక మాట. తడిసిన బెరడు బరువు తూగుతుంది. కనుక కిలోల లెక్కన కాక లీటర్ల లెక్కన కొనడం మేలు.

ఎంత కావాలో ఇంటిదగ్గరే లెక్క వేసుకుని వెళ్ళండి. పాదు పొడవు 10 అడుగులు, వెడల్పు 3 అడుగులు అనుకుందాం. రెండు అంగుళాల మందం వేయాలంటే 5 ఘనపు అడుగుల బెరడు కావాలి. అంటే సుమారు 140 లీటర్లు, మన 20 లీటర్ల బకెట్‌తో ఏడు బకెట్లు. మూడు అంగుళాలు వేయాలంటే పది పదకొండు బకెట్లు అవుతుంది. అడుగు వెడల్పున్న గుండ్రటి కుండీకి అంగుళం మందానికి రెండు లీటర్లు చాలు. ఈ లెక్క తెలిస్తే ఒక చిన్నసంచి తెచ్చి తోటంతా చిలకరించి, ‘ఏమీ లాభం కనబడలేదు’ అని నిరాశపడే అవసరం వుండదు. పలచగా చల్లితే పాదుకు అలంకారమే మిగులుతుంది. తేమ నిలవదు.

అయితే మందం ఎక్కువైనకొద్దీ మంచిదని కూడా అనుకోకండి. చిన్నముక్కలైతే రెండు అంగుళాలు, పెద్దముక్కలైతే మూడు అంగుళాలు చాలు. మీ చూపుడువేలు కణుపు ఒక్కొక్కటి ఇంచుమించు ఒక అంగుళం. వేలు గుచ్చి చూస్తే కొలబద్ద అక్కరలేదు. నాలుగైదు అంగుళాలు వేస్తే కింద వేళ్ళకు గాలి అందదు. మీరు పోసిన చెంబెడు నీళ్ళూ బెరడే తాగేస్తుంది, మట్టిదాకా దిగవు.

ఇప్పుడు వేసే పద్ధతి. మొదట కలుపు తీయండి. గరిక, తుంగ వున్నచోట పైపైన పీకితే లాభంలేదు. తుంగ గడ్డలతో సహా తవ్వి తీయాలి. అది సూదిలా బెరడును చీల్చుకుని పైకి వస్తుంది. తరువాత మట్టిని పైపైన గుల్లచేసి, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పొర వేయండి. ఆ పైన మట్టి లోపలిదాకా తడిసేట్టు నీళ్ళు పెట్టండి. ఇది ముఖ్యం. ఎండిన మట్టిని కప్పితే ఎండినట్టే వుంటుంది. బెరడును కూడా ఒక గంట నీళ్ళలో నానబెట్టి, వడేసి, అప్పుడు పరవండి. చేత్తోనే పరవవచ్చు. తొక్కకండి, అణచకండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతున్నాను. బెరడు మొక్క కాండానికి తగలకూడదు. చాలామంది అందంగా వుంటుందని కాండం చుట్టూ అన్నం రాశి పోసినట్టు ఎత్తుగా పోస్తారు. కాండం మొదలు ఎప్పుడూ గాలి తగిలి ఆరుతూ వుండాల్సిన చోటు. అక్కడ రాత్రీ పగలూ తడిగుడ్డ చుట్టినట్టయితే, బెరడు మెత్తబడి, కుళ్ళు పట్టి, చీమలూ పురుగులూ చేరతాయి. మొక్క ఒక్కరోజులో చావదు. ఆరునెలలకో, ఏడాదికో కొమ్మలు ఎండటం మొదలవుతుంది. మనం ఎరువు చాలలేదనో, దిష్టి తగిలిందనో అనుకుంటాం. కాబట్టి కప్పు రాశిలా కాక గారెలా వుండాలి. మధ్యలో చిల్లి, ఆ చిల్లిలో మొక్క. గులాబీ, మల్లె వంటివాటికి చుట్టూ రెండు మూడు అంగుళాలు, జామ, మామిడి వంటి చెట్లకు ఆరు అంగుళాలు ఖాళీ వదలండి. కోటలోని తులసమ్మకు కూడా ఇదే నియమం.

ఇంకా వేయకూడని చోట్లు కొన్ని వున్నాయి. తోటకూర, కొత్తిమీర వంటి విత్తనాలు చల్లిన మడిలో మొలకలు వచ్చి బెత్తెడు ఎదిగేదాకా కప్పకూడదు. చిన్నవిత్తనం ఆ బరువును తోసుకుని రాలేదు. కలబంద, బ్రహ్మజెముడు వంటి ఎడారి మొక్కలకు తేమకప్పు గిట్టదు. వాటికి గులకరాళ్ళే మేలు.

ఇక మనవాళ్ళకు వుండే భయాలు. పైన్ వేస్తే మట్టి పుల్లబడుతుందా? పచ్చి పైన్ ఆకుల్లో ఆమ్లగుణం వున్న మాట నిజమే. కాని ఎండి రాలినవాటిని, బెరడును మట్టిపైన పరచినంతమాత్రాన మట్టిగుణం చెప్పుకోదగ్గంతగా మారదు. అందువల్ల భయపడనక్కరలేదు, ఆశపడనూ అక్కరలేదు. బోరునీళ్ళ సున్నంవల్ల గులాబీ ఆకులు పసుపెక్కుతుంటే, బెరడు వేసి ఆ జబ్బు కుదర్చలేం.

బెరడు మట్టిలోని సారాన్ని తినేస్తుందంటారు. మట్టిలో కలిపి తవ్వితే అది నిజమే. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టిలోంచే తీసుకుంటాయి, ఆకులు పాలిపోతాయి. పైన పరచివుంచితే బెరడూ మట్టీ తగిలే పలచటి పొరలో తప్ప ఆ ఇబ్బంది లేదు. కాబట్టి ఏటా తవ్వేటప్పుడు బెరడును ముందు పక్కకు లాగి, పని అయ్యాక మళ్ళీ పరవండి.

చెదల భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. తడిగా, చీకటిగా వున్న చోటికి చెదలు వస్తాయి. ఇంటిగోడకు, ద్వారబంధాలకు కనీసం ఒక అడుగు దూరంలో కప్పు ఆపేయండి. నెలకొకసారి చిన్న పారతోనో, ముళ్ళకర్రతోనో కదిలించండి. వట్టిచేత్తో మాత్రం ఎత్తకండి. తేళ్ళూ జెర్రులూ కూడా చల్లటిచోటు వెతుక్కుంటాయి.

వేసిన తరువాత మన అలవాటు కూడా మారాలి. కప్పు వేసిన పాదుకు మునుపటిలాగా రోజూ నీళ్ళు పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి. ముందు బెరడును కొద్దిగా పక్కకు జరిపి, మట్టిలో వేలు పెట్టి చూడండి. రెండు కణుపుల లోతున పొడిగా వుంటేనే పోయండి. పోసినప్పుడు చెంబెడు చెంబెడు రోజూ కాక, ఒకేసారి లోపలిదాకా దిగేట్టు పోయండి. మృగశిర కార్తె వచ్చి వానలు జోరందుకున్నాక, నీళ్ళు నిలిచే నల్లమట్టి పాదుల్లో కప్పును కొంత పలచన చేయండి. మళ్ళీ ఏడాదికి పాతదానిమీద కొత్తసంచి గుమ్మరించకండి. వేలుతో కొలిచి, ఎంత తగ్గిందో అంతే చేర్చండి.

నిప్పు సంగతి చెబుతానన్నాను. పైన్ చెట్టులో జిగురు ఎక్కువ. ఎండిన ఆకులు చటుక్కున అంటుకుంటాయి. హిమాలయాల్లో వేసవి మంటలు పాకడానికి నేలమీద పడివున్న ఈ ఆకులు ఒక కారణం. 2016 వేసవిలో ఉత్తరాఖండ్ అడవులు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లతో నీళ్ళు చల్లవలసి వచ్చింది. మన ఇళ్ళలో తులసికోట దగ్గర దీపం, అగరువత్తి, కార్తీకమాసంలో వరసదీపాలు, దీపావళికి చిచ్చుబుడ్లు వుండనే వుంటాయి. దీపం పెట్టేచోట పైన్ ఆకులు అసలే వేయకండి. బెరడు ఆకులంత త్వరగా అంటుకోదు గాని, ఎండినప్పుడు అదీ రాజుకుంటుంది. కోటచుట్టూ రెండడుగుల మేర మట్టినే వుంచండి. దీపావళినాడు పాదులన్నీ సాయంత్రానికే తడిపివుంచండి. సిగరెట్టు పీకలు కుండీలో గుచ్చే మగవాళ్ళుంటే వాళ్ళకూ ఒక మాట చెప్పండి.

చివరగా ఖర్చు. పైన్ దూరపు కొండలనుంచి రావాలి, కనుక దాని ధరలో లారీకిరాయి కూడా వుంటుంది. దొడ్డి అంతా దానితోనే కప్పాలనుకోకండి. కంటికి ఎదురుగా వుండే గులాబీలకూ, వరండా కుండీలకూ బెరడు వేసి, మిగతా పాదులకు మన దగ్గర దొరికేది వేయండి. వేప, మామిడి ఎండుటాకులు నలిపి వేస్తే చాలు, అవి త్వరగా కుళ్ళి ఎరువు కూడా అవుతాయి. బాపట్ల, చీరాల వంటి సముద్రతీరపు వూళ్ళవారికి సరుగుడు తోటల్లో రాలేది వుంది. చూడటానికి పైన్ సూదుల్లాగే వున్నా సరుగుడు పైన్ కాదు, ఆ సూదులు నిజానికి సన్నటి రెమ్మలు. అవీ చాపలా పరుచుకుంటాయి, నిప్పు జాగ్రత్త వాటికీ వర్తిస్తుంది. వేరుశనగ తొక్కలైతే గింజలు మిగలకుండా చూసుకోండి, లేకపోతే ఎలకలు చేరతాయి. చెరకుపిప్పిని కడిగి ఎండబెట్టి వేయకపోతే చీమలు పడతాయి. వరిఊక గాలికి ఎగిరిపోతుంది, దానిమీద నాలుగు ఆకులు కప్పాలి. ఏది వేసినా మందం, కాండానికి దూరం, ముందు నీళ్ళు పెట్టడం, ఈ మూడూ ఒకటే.

నా మాట నమ్మి ఒకేసారి పది సంచులు కొననక్కరలేదు. ఉగాదిలోగా ఒక్క పాదులో సగం కప్పండి, సగం వదిలేయండి. రెండు సగాలకూ ఒకే కొలతన నీళ్ళు పోసి, మూడవరోజు పొద్దున రెండుచోట్లా మట్టిలో వేలు పెట్టి చూడండి. మిగతా పాదుల సంగతి ఆ తరువాత తేల్చుకోవచ్చు.